తుపాకి పెట్టెకు చోటు

మా ఇంటికి వారసత్వంగా ఒక తుపాకి వచ్చింది. పన్నెండు బోరు, జంట గొట్టాలది. నల్లమల అంచున మాకున్న చేనులో వేరుశనగ, మొక్కజొన్న పండించే రోజుల్లో అడవి పందుల బెడద తాళలేక అబ్బాజాన్ దానికి లైసెన్సు తీసుకున్నారు. ఆయన దానితో ఏ ప్రాణినీ కొట్టలేదు. మంచె మీద కూర్చొని, మంద అలికిడి వినబడితే ఆకాశం వైపు ఒక్కసారి పేల్చేవారు. పగటివేళ అది పడసాల గోడకు రెండు కొయ్యమేకుల మీద ఉండేది. తూటాల డబ్బా ధాన్యపు గదిలో ఉండేది. ఇంటినిండా పిల్లలున్న ఆ కాలంలో ఏ ప్రమాదమూ జరగలేదంటే, అది ఎవరి జాగ్రత్త వల్లా కాదు, కేవలం అల్లాహ్ కరుణ వల్లనే అని ఇప్పుడు తోస్తున్నది.

అబ్బాజాన్ అల్లాహ్ సన్నిధికి చేరిన తరువాత తుపాకిని పోలీసు స్టేషనులో అప్పగించాము. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఇంటి పేరున ఉండదు, మనిషి పేరున ఉంటుంది. ఆ మనిషి లేనప్పుడు వారసులైనా సరే, లైసెన్సు లేకుండా దానిని ఇంట ఉంచుకోరాదు. మాలో ఒకరి పేరున కొత్త లైసెన్సు వచ్చాకనే అది తిరిగి ఇల్లు చేరింది. ఈసారి కొయ్యమేకుల మాట లేదని నిశ్చయించి, బరువైన ఉక్కు పెట్టె ఒకటి కొన్నాము.

ఆ పెట్టెను ఎక్కడ ఉంచాలన్నది పది రోజుల చర్చ అయింది. పడసాలలో పెడితే వచ్చిన ప్రతివారి కంటా పడుతుంది. ఇంట్లో ఆయుధం ఉన్నదని ఊరంతటికీ చాటినట్లవుతుంది. మెట్ల కింద ఖాళీ ఉంది గాని అది పిల్లలు దాగుడుమూతలాడే చోటు. వంటింటి వెనుక గోడకు వానాకాలమంతా చెమ్మ. ఇనుము తుప్పు పడుతుంది. మేడ మీది గదిలో ఏమి జరిగినా కింద ఉన్నవారికి వినబడదు. చివరకు మా పడకగదిలో, బీరువా పక్కన, వాన తగలని లోపలి గోడకు ఆనించాము. ఉత్తగా నిలబెట్టిన పెట్టెను ఇద్దరు మనుషులు మోసుకుపోగలరని మేస్త్రీ చెప్పగా, లోపలి వైపు నుండి గోడలోకీ నేలలోకీ బోల్టులు బిగించాము. తూటాలకు వేరుగా మరొక చిన్న పెట్టె, దానికి వేరే తాళం. తుపాకిలో తూటా లేదని రెండుసార్లు చూసుకొని, నూనె గుడ్డతో తుడిచి లోపల పెట్టి మూసిన రోజున మా బాధ్యత తీరిందనుకున్నాము.

పెట్టె తాళం చెవిని మాత్రం బీరువాలో చీరల మడతల కింద పెట్టాము. తూటాల పెట్టె చెవిని గోడ గడియారం వెనుక దాచాము.

ఆ తరువాతి వేసవిలో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. మా పెద్దబ్బాయి రెండు సబ్జెక్టులు తప్పాడు. మేము కోపగించుకోలేదు, కాని బంధువుల ఫోన్లకు జవాబులు చెప్పడంలో మునిగిపోయి, వాడు అన్నం సరిగా తినడం లేదని రెండు రోజులు గమనించలేదు. మూడవనాటి రాత్రి, ఇషా నమాజు తరువాత, వాడు మా గది గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు.

"అబ్బా, పెట్టె తాళం చెవి అమ్మీ చీరల కింద ఉంది కదా. ఇంకొకటి గడియారం వెనుక ఉంది. రెండూ అక్కడి నుండి తీసెయ్యండి."

"ఎందుకు బేటా?" అని అడిగాము.

"తీసెయ్యండి, అంతే" అన్నాడు, తల ఎత్తకుండా.

ఆ రాత్రి మేము వాడి పక్కనే కూర్చున్నాము. వాడు ఏడ్చాడు, మాట్లాడాడు, తెల్లవారుజామున నిద్రపోయాడు. ఫజ్ర్ కాగానే మాలో ఒకరు తుపాకిని, తూటాలను పట్నంలోని లైసెన్సు గల ఆయుధాల దుకాణంలో భద్రపరచడానికి ఇచ్చి రసీదు తెచ్చారు. మరొకరు 14416 నంబరుకు ఫోన్ చేశారు. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ. అవతలివారు తెలుగులోనే ఓపికగా మాట్లాడి, అబ్బాయిని వైద్యునికి చూపమన్నారు. చూపాము. పొలానికి తెచ్చిన పురుగుమందు డబ్బాలు మా ఇంటి వసారాలో ఉండేవి. ఆ సాయంత్రమే వాటిని కూడా చేని కొట్టంలోకి మార్చి తాళం వేశాము. అమ్మీజాన్ మనవడి తల నిమురుతూ, "పరీక్ష మళ్లీ వస్తుంది బేటా, నువ్వెక్కడి నుండి వస్తావు?" అన్నారు.

పది రోజులు మేము దొంగను గురించి ఆలోచించాము, చెమ్మను గురించి ఆలోచించాము. మా ఇంట్లోనే ఒకరికి ఒక చెడ్డ ఘడియ రావచ్చునని మాత్రం ఆలోచించలేదు. అటువంటి ఘడియ సాధారణంగా దాటిపోతుంది. దాటిపోయే వరకు ప్రమాదకరమైన వస్తువు చేతికి అందకుండా ఉండాలి. బాణాలతో మస్జిదులో నుండో బజారులో నుండో వెళ్లేవారు వాటి ములికిలను చేతితో పట్టుకోవాలని, ఎవరికీ గాయం కారాదని దైవప్రవక్త (స) ఆదేశించారు. అక్కడ ఉన్నవారు శత్రువులు కారు, సొంతవారే. ఈ బోధను మేము ఎన్నోసార్లు విన్నాము గాని, మా బీరువాలోని తాళం చెవికి అన్వయించుకోలేదు.

ఇల్లన్నాక పిల్లలకు తెలియని మరుగు ఉండదు. పండుగకు దాచిన మిఠాయి ఎక్కడుందో తెలిసినవారికి తాళం చెవి తెలియకుండా ఉంటుందా? అందువల్ల పెట్టెను ఎక్కడ ఉంచాలని ఎవరైనా అడిగితే, గోడ సంగతి తరువాత చెబుతాము. తాళం చెవి లైసెన్సుదారు ఒంటి మీదనే ఉండాలని, ఇంట్లో ఎవరి మనసైనా కుంగినప్పుడు ఆయుధమే ఇల్లు దాటాలని ముందు చెబుతాము. ఎన్నికల వేళ దానిని పోలీసు స్టేషనులో అప్పగించి రావడం మాకు అలవాటే. ఒక ఓటు కోసం పంపగలిగిన దానిని ఒక బిడ్డ కోసం పంపలేమా?

అబ్బాయి సప్లిమెంటరీలో ఒక సబ్జెక్టు గట్టెక్కాడు. రెండవది మళ్లీ రాస్తాడు. ఇప్పుడు అన్నం తింటున్నాడు, తమ్ముడితో పోట్లాడుతున్నాడు. ఉక్కు పెట్టె మా గదిలోనే ఉంది. అందులో పొలం పాసు పుస్తకాలు, దుకాణం వారిచ్చిన రసీదు ఉన్నాయి. తుపాకిని తిరిగి తేవాలా, వదులుకోవాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. తేల్చే రోజున వాడిని కూడా కూర్చోబెట్టి అడుగుతాము, ఇన్షా అల్లాహ్.