మేని మచ్చ – నుదుటి బొట్టు

వేదాంత శ్రవణము చేసినవారికి కందిరీగ క్రొత్త ప్రాణి కాదు. భ్రమరకీటన్యాయమును పెద్దలు తఱచుగా చెప్పుచుందురు. శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత పేర్కొన్న ఇరువదినలుగురు గురువులలో కందిరీగయు ఒక గురువు. ఏ రూపమును ఎడతెగక ధ్యానింతుమో ఆ రూపమునే పొందుదుమని దాని తాత్పర్యము. ఆ ప్రాణి మేనిరంగులలోను ఒక పాఠము కలదు.

మధ్యధరా సముద్ర ప్రాంతమున పుట్టి నేడు అమెరికాకును వ్యాపించిన కాగితపు కందిరీగను శాస్త్రజ్ఞులు పోలిస్టిస్ డొమినులా అందురు. కట్టెపీచును నమలి కాగితము వంటి పొరలతో గూడు కట్టును గనుక దానికా పేరు. ఈ జాతి మగ కందిరీగల పొట్టమీద రెండు ప్రక్కల పసుపుపచ్చని మచ్చలుండును. జాతి ఒక్కటే; మచ్చల తీరు మాత్రము వ్యక్తివ్యక్తికి వేరు. కొన్నిటికి చిన్నవై కోలగా, తీర్చినట్లుండును. కొన్నిటికి పెద్దవై వంకరటింకరగా నుండును.

మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకురాండ్రు అమాండా ఇజ్జో, ఎలిజబెత్ టిబ్బెట్స్ 2012లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, చిన్న కోల మచ్చలు గల మగవే పోటీలో పైచేయి పొందును. ఆడవి వాటినే ఎక్కువగా వరించును. పిల్లపురుగుగా నున్నప్పుడు లభించిన పోషణను బట్టి ఆ మచ్చ తీరు మారునని వారే తరువాత తెలిపిరి. తార్కికుల పరిభాషలో మచ్చ లింగము. పొగ నిప్పును తెలిపినట్లు అది దేహపుష్టిని తెలుపును.

సాధకుడు ఇక్కడ ఒక్క క్షణము నిలిచి విచారింపవలెను. ఆ పోషణ ఎవరిది? నమిలిన గొంగళిపురుగుల ముద్దను తల్లియు, అక్కలును తెచ్చి పెట్టిరి. గూటి గదిలో కదలలేక యున్న జీవి నోటికందినది తిన్నది, అంతే. మచ్చ సత్యమే పలుకుచున్నది. కాని అది స్వార్జితము కాదు. మనుష్యుని దేహకాంతి, కంఠస్వరము, ధారణాశక్తి, వంశము ఇట్టివే. ఎవరో పెట్టిన అన్నము, ఎవరో చెప్పిన పాఠము, ప్రారబ్ధము కలిసి వాటిని కూర్చినవి. అవి ఉపాధిధర్మములు, ఆత్మకు అంటవు. గెలిచినది గర్వించుటకును, ఓడినదానిని హీనముగా నెంచుటకును హేతువు లేదు.

అట్లని చిహ్నములు వ్యర్థములు కావు. ఇదే జాతి ఆడ కందిరీగల ముఖముమీది నల్లని గుఱుతులు వాటి బలమును చాటును. టిబ్బెట్స్, జేమ్స్ డేల్ 2004లో ప్రకటించిన ప్రయోగమున ఆ గుఱుతులను రంగుతో మార్చిరి. ముఖము మార్చబడినవాటిపై తోటివి మఱింతగా దాడి చేసినవి. చిహ్నమునకు లోపలి స్థితి తోడు కానిచో కీటకలోకము సైతము సహింపదు.

మేని మచ్చ అడుగకయే వచ్చినది. విభూతి, ఊర్ధ్వపుండ్రము, తులసిమాల, యజ్ఞోపవీతము తెలిసి ధరించినవి. వచ్చినదానికి గర్వము కూడదు. ధరించినదానికి అసత్యము కూడదు. బొట్టు పెట్టుకొను ప్రతి ప్రాతఃకాలమును "ఈ గుఱుతు చెప్పునది లోపల ఉన్నదా?" అని తన్ను తాను ప్రశ్నించుకొనుటయే సాధన. ఆ ప్రశ్న తన నుదుటికే గాని ఎదుటివాని నుదుటికి కాదు. ఆలయమున శఠగోపము నుదురు చూచి తలను ఎంచుకొనదు. వంచిన ప్రతి శిరస్సును ఒకే విధముగా తాకును.

స్వస్తి.