దూకలేని రాకుమారి

ఈమధ్య విద్యార్థులు చేసిన వీడియో గేములు ఆడుతున్నాను. అబ్బ, ఇన్నాళ్లూ ఇవి ఎక్కడ దాక్కున్నాయి! పేరున్న కంపెనీల గేముల్లో ఒక్కోదానికి వందలమంది ఏళ్లతరబడి పనిచేస్తారు. విద్యార్థుల గేములు చాలావరకు ఓ మంచి కథానిక చదివినంత సేపట్లో అయిపోతాయి. ఒకే ఒక్క ఊహ ఉంటుంది. ఆ పిల్లలు దాన్నే గట్టిగా పట్టుకుని, అది ఎక్కడిదాకా తీసుకెళ్తే అక్కడిదాకా వెళ్లిపోతారు.

ముందు ‘నార్బాక్యులర్ డ్రాప్’ గురించి చెప్పాలి. అమెరికాలో రెడ్మండ్ ఊళ్లోని డిజిపెన్ కాలేజీ విద్యార్థులు 2005లో చేసిన ప్రాజెక్టు అది. ఓ రాకుమారిని రాక్షసుడు చెరలో పెట్టాడు. ఆమెకు మోకాళ్లు లేవు, కాబట్టి దూకలేదు. ఇలాంటి గేముల్లో ఎవరైనా మొట్టమొదట నేర్చుకునేది దూకడమే, సరిగ్గా దాన్నే తీసేశారు! బదులుగా రెండు ద్వారాలు ఇచ్చారు. ఒకటి ఎదురుగా ఉన్న గోడ మీద తెరుస్తాం, రెండోది ఎక్కడో అందని ఎత్తున. ఇందులో అడుగుపెడితే అందులోంచి బయటికొస్తాం. గోడ, నేల, కప్పు అన్న తేడాలన్నీ ఒక్కసారిగా చెరిగిపోతాయి. అన్నట్టు, ఆ చెరసాలకు కూడా ప్రాణం ఉంది. దాని పేరు వాలీ, అది రాకుమారి పక్షమే. ఎంత ముద్దొచ్చే ఆలోచనో!

వాల్వ్ కంపెనీ అధిపతి గేబ్ న్యూవెల్ ఆ గేము చూసి, చేసినవాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకున్నారు. 2007లో వచ్చిన ప్రసిద్ధమైన ‘పోర్టల్’ అలా పుట్టింది. అదే డిజిపెన్‌లో ఇంకో జట్టు ‘ట్యాగ్: ది పవర్ ఆఫ్ పెయింట్’ చేసింది. అందులో మన చేతిలో రంగులు చిమ్మే తుపాకీ ఉంటుంది. ఒక రంగు పూసిన చోట కాలుపెడితే బంతిలా ఎగురుతాం, ఇంకో రంగు మీద దూసుకుపోతాం, మరో రంగు పూసిన గోడకు అతుక్కుని నడుస్తాం. ఆ జట్టునూ వాల్వే పిలుచుకుంది. 2011 నాటి ‘పోర్టల్ 2’లో చిమ్మే ద్రవాలకు మూలం ఆ రంగులే. కానీ నన్నడిగితే, ఊహ అప్పుడే పుట్టి ఇంకా పచ్చిగా ఉన్న ఆ కాలేజీ గేముల్లోని ఆనందమే వేరు.

‘క్లౌడ్’ దగ్గర నేను పూర్తిగా పడిపోయాను. 2005లోనే, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జెనోవా చెన్ బృందం చేసింది. ఆసుపత్రి మంచం మీదున్న ఓ పిల్లవాడు కలలో ఆకాశంలో ఎగురుతాడు. మనం చేయాల్సిందల్లా మబ్బుల్ని పోగుచేయడం, వాటితో బొమ్మలు దిద్దడం, తెల్లమబ్బుల్ని నల్లమబ్బులతో కలిపి వాన కురిపించడం. తుపాకీ లేదు, గడియారం తరమదు. ఉబ్బసంతో చిన్నప్పుడు తరచూ ఆసుపత్రిలో గడిపిన చెన్ జ్ఞాపకాల్లోంచి వచ్చిందట ఇది. ఆ సంగతి తెలిశాక మళ్లీ ఆడాను. మబ్బు వెంట మబ్బును లాక్కెళ్తుంటే గుండె తేలికైపోయింది. గేము ఇంత మెత్తగా ఉండొచ్చా! ఉండొచ్చని ఆయన 2012లో ‘జర్నీ’తో లోకమంతటికీ చూపించారు.

ఇక షికాగోలోని డిపాల్ విశ్వవిద్యాలయం విద్యార్థుల ‘ఆక్టోడాడ్’. 2010లో వచ్చింది. నాన్నగారు నిజానికి ఆక్టోపస్. ఆ సంగతి భార్యాబిడ్డలకు తెలియకూడదు. ఎముకల్లేని కాళ్లూ చేతుల్ని ఒక్కొక్కటిగా మౌస్‌తో కదిలిస్తూ ఇంటి పనులు చక్కబెట్టాలి. గది దాటేలోపు కుర్చీలు పడిపోతాయి, ఏదో ఒకటి చేతికి చుట్టుకుంటుంది. నవ్వి నవ్వి కళ్లనీళ్లొస్తాయి. అంతలోనే ఆ నాన్న మీద జాలీ, ప్రేమా కలుగుతాయి. ఏ క్షణాన గుట్టు బయటపడుతుందోనని అతనికెంత భయమో!

ఈ నాలుగు విద్యార్థి గేములనూ విడుదలైనప్పుడు ఉచితంగానే ఇచ్చారు. ‘ఆక్టోడాడ్’ను మాత్రం ఒంటరిగా ఆడకండి, ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. నేనిప్పుడు ‘ఔటర్ వైల్డ్స్’ మొదలుపెట్టబోతున్నాను. అదీ ఓ విద్యార్థి థీసిస్‌గానే పుట్టిందట, అందులో 22 నిమిషాలకోసారి సూర్యుడు పేలిపోతాడట!