లాగి పెడితే తప్పేంటి?

"కోడింగ్ వచ్చినోడు బటన్‌ని మౌస్‌తో లాగి పెట్టడు" అంటాడు మా హాస్టల్లో ఓ సీనియర్ అన్న. నాకా మాట అస్సలు నచ్చదు. 1991లో విజువల్ బేసిక్ అంతమందికి నచ్చింది ఆ లాగుడు వల్లే కదా!

నేను వాడేది గ్లేడ్. లైనక్స్‌లో జీటీకే స్క్రీన్లు గీసుకునే టూల్. మా అమ్మ బట్టలు కుడుతుంది, కొలతలన్నీ ఒక పాత డైరీలో ఉంటాయి. వాటికోసం చిన్న యాప్ చేస్తున్నా. అమ్మకి ఇంగ్లిష్ రాదు కాబట్టి అంతా తెలుగులోనే. ఎత్తు పిక్సెళ్లలో బిగించేసే టూల్స్‌లో "జాకెట్టు" అని రాస్తే కింద ట వత్తు తెగిపోతుంది. జీటీకేలో మాత్రం ముందు అక్షరాల్ని కొలిచి, తర్వాత బటన్ సైజు తేలుస్తారు. అచ్చం అమ్మ పద్ధతే. (ఇది చెప్తే అమ్మ తెగ నవ్వింది.)

2020 డిసెంబర్లో జీటీకే 4 వచ్చింది. గ్లేడ్ దానికి పనిచెయ్యదు. గ్లేడ్‌ని చూసుకునే హువాన్ పాబ్లో ఉగార్తేనే కాంబలాచె అని కొత్త టూల్ మొదలుపెట్టాడు. అది 3కీ, 4కీ రెండిటికీ పనిచేస్తుంది. పాతదాన్ని పెంచకుండా కొత్తది రాయడానికి ఎంత ధైర్యం కావాలో! కానీ 4లో జీటీకే కంటైనర్ అనే క్లాసే తీసేశారు. నా పాత స్క్రీన్లు చాలావరకు మళ్లీ గియ్యాలి.

"విప్పి కుట్టడం కంటే కొత్తది కుట్టడమే నయం రా" అంది అమ్మ. నిజమే గానీ, ఇప్పటికే పదకొండు మంది కొలతలు పాతదాంట్లో ఎక్కించేసింది. దసరా గిరాకీ అయ్యేదాకా 3ని ముట్టుకోను.