కొబ్బరితోటలో మూడో రాయి

జనవరి 18

కోనసీమ కొబ్బరితోట, ఆరు హద్దురాళ్లు. గొలుసు లాగిన ప్రతిచోటా చెట్టో కోకో కొమ్మో అడ్డం. అందుకే నడుమ ఒక్కచోట ట్రైపాడ్ వేసి, బుడగ మధ్యకొచ్చేదాకా మరలు తిప్పి, ఉత్తరాన్ని సున్నా చేసుకున్నాను. ప్రిజం పట్టుకుని కుర్రాడు ఒక్కో రాయి మీదా నిలబడ్డాడు. టోటల్ స్టేషన్ కొలిచేది రెండే: ఎంత దూరం, ఏ కోణం.

"గట్టు మీద నడవకుండానే కొలిచేశావేంటమ్మా?" అన్నాడు తోటగలాయన.

"ఇక్కణ్ణుంచి చూపు తగిలితే చాలు తాతగారూ."

రాత్రి గళ్ల కాగితం తీశాను. లెక్కంతా మిషనే కట్టిపెడుతుంది, కానీ చేత్తో ఒకసారి వేసుకుంటేగాని నాకు నమ్మకం కుదరదు. మూడో రాయి: 48.60 మీటర్లు, 127 డిగ్రీల 30 నిమిషాలు. ఇంటర్‌లో నేర్చుకున్నట్టే దూరాన్ని కొసైన్‌తో గుణించి అడ్డంగా, సైన్‌తో గుణించి నిలువుగా పెట్టాను. కాలవ గట్టున ఉండాల్సిన రాయి వాయవ్యాన రోడ్డు మీదికెళ్లి కూర్చుంది.

జనవరి 19

తెల్లారగట్ల మెలకువ రాగానే తట్టింది. పాఠ్యపుస్తకంలో కోణం తూర్పున మొదలై గడియారానికి ఎదురు తిరుగుతుంది. మా సర్వేలో ఉత్తరాన మొదలై ముల్లుతోపాటు తిరుగుతుంది. అంచేత కొసైన్ ఉత్తరానికి, సైన్ తూర్పుకి.

48.60 × కొసైన్ = −29.59
48.60 × సైన్ = 38.56

ఆ మైనస్ చూస్తే ప్రాణం లేచొచ్చింది. ఉత్తరానికి మైనస్ అంటే దక్షిణం. 29.59 మీటర్లు దక్షిణానికి, 38.56 తూర్పుకి: ఆగ్నేయం, సరిగ్గా కాలవ గట్టు. దిక్కు నేను విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు, కోణమే గుర్తును వెంటబెట్టుకొస్తోంది.

దూరం, తూర్పు కొలత, ఉత్తరం కొలత: మన పాత జ్యోతిషగణితంలో ఈ మూడింటికీ పేర్లున్నాయి: కర్ణం, భుజ, కోటి. 499లో ఆర్యభటుడు ఇచ్చిన జ్యా (సైన్) పట్టికకి వ్యాసార్ధం 3438. వృత్తం చుట్టుకొలతను 21,600 కళలుగా పంచితే వ్యాసార్ధానికి వచ్చే కొలత అది. గ్రహం కోసం కట్టిన పట్టిక కొబ్బరిచెట్ల మధ్య రాయికీ పనికొస్తుంది. ఇది తలుచుకుంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

జనవరి 22

రాయి పూడిపోతే మళ్లీ వెతకడానికి వెనక్కి లెక్కకట్టాలి. 38.56ని −29.59తో భాగించి టాన్ విలోమం నొక్కితే −52.5 వచ్చింది. ఎదురెదురు దిక్కులకి టాన్ ఒకటే. భాగహారంలో మైనస్ ఎవరిదో తెలియకుండా పోయింది. ఉత్తరం విలువ మైనస్ కాబట్టి 180 కలపాలి: 127.5. మా 127 డిగ్రీల 30 నిమిషాలే.

నూరు మీటర్ల దూరాన ఒక్క నిమిషం కోణం తప్పితే రాయి దాదాపు 3 సెంటీమీటర్లు జరుగుతుంది. డిగ్రీ తప్పితే 1.75 మీటర్లు, అంటే పక్కవాళ్ల కొబ్బరిచెట్టు మొదలు దాకా. ఆరో రాయే అన్నిటికన్నా దూరం. రేపు దాని కోణాన్ని దుర్భిణి వెనక్కి తిప్పి రెండోసారి చదవాలి.