చక్రమునకు చోటు

వెడల్పు చక్రముల మోజు మన చంద్రపూరునకును వచ్చినది. మా మనుమడు తన కారునకు అట్టివి వేయింపదలచి, అవి పట్టుటకై చక్రముపై నుండు రేకు కమానును కోయింతు ననెను.

కమాను అంచున రేకు లోపలికి మడిచియుండును. వెలుపలి రేకును లోపలి రేకును అతుకబడియుండునది అచ్చటనే. రంగు పగులకుండ వేడిచేసి, ఆ మడతను రోలరుతో మెల్లగా పైకి నొక్కినచో కొంత చోటు చిక్కును. కోసినచో అతుకు వీడి, వాననీరు చేరి త్రుప్పు పట్టును. అదియుగాక, రిజిస్ట్రేషను వివరములకు భిన్నముగ బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. 2019లో సుప్రీంకోర్టు ఈ సంగతినే స్పష్టపరచినది.

"ఖాళీ బండిని కొలిచిన నేమి లాభము నాయనా? అందరము ఎక్కిన పిదప కొలువుము" అంటిని. రాజురా మీదుగా ఆసిఫాబాదు చుట్టముల యింటికి పోవునపుడు మేము ఐదుగురము, పైగా సామానులు. అట్లే ఎక్కి కూర్చుంటిమి. వెనుక భాగము క్రుంగి, పాత చక్రమునకే రెండు వ్రేళ్ల సందు మిగిలెను. గుంతలో పడిన అదియు నుండదు. వెడల్పు టైరు ఆ రేకంచునకు రాచుకొని దారిలో చీలినచో, లోపలివారి గతి యేమి?

మనుమడు కొంతసేపు మాటాడలేదు. పిదప కొలత టేపు చుట్టి జేబులో వేసికొనెను. కారునకు పాత చక్రములే యున్నవి.