సారాంశం చెప్పొద్దు, మొత్తం చదువు

నా ఉద్యోగం ఏమిటో మా త్రిపురాంతకంలో ఒక్క మాటలో చెప్పడం కష్టం. వెబ్‌సైట్లను, ఫోన్ యాప్‌లను చూపు లేనివాళ్లు, చేతులు స్వాధీనంలో లేనివాళ్లు, చెవులు వినపడనివాళ్లు ఇంకొకరి సాయం లేకుండా వాడుకోగలరా లేదా అని పరీక్షించి, లోపాలు రాసి పంపడం నా పని. యాక్సెసిబిలిటీ టెస్టింగ్ అంటారు. హైదరాబాదులో పదేళ్లకు పైగా ఇదే చేశాను.

మౌస్ తీసి పక్కన పెట్టడంతో ఈ పని మొదలవుతుంది. ట్యాబ్ మీట నొక్కుకుంటూ పేజీ అంతా తిరగాలి. ఏ బటన్ మీద ఉన్నామో తెలియాలి, ఎక్కడా ఇరుక్కుపోకుండా బయటపడగలగాలి. ఆ తర్వాత తెర ఆర్పేసి, తెర మీదున్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పెడతాను. నేను ఎక్కువగా వాడేది ఎన్‌వీడీఏ. చూపు లేని మైకేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. 'సమర్పించండి' అని కంటికి కనిపించే బటన్‌ను అది వట్టి 'బటన్' అని చదివి ఊరుకుందంటే, తయారుచేసినవాళ్లు లోపల దానికి పేరు పెట్టలేదన్నమాట. తెలుగు పేజీకి కోడ్‌లో భాష ఇంగ్లీషు అని రాసి ఉంటే, ఇంగ్లీషు గొంతు మన అక్షరాలను పలకలేక దాటేసిపోతుంది. ఈ పనికి డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. వాటిలో 2.2 రూపం 2023లో వచ్చింది. ఆ నిబంధనలు నాకు నోటికొచ్చు.

ఇంతలో నాన్నకు నీటికాసులు ముదిరాయి. ఈ జబ్బులో ముందు పక్కచూపు పోతుంది. అందుకే చాలామందికి పోతున్న సంగతే తెలియదు. తెలిసేసరికి పోయిన చూపు మళ్లీ రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే. వేళకు చుక్కలు వెయ్యాలి, ఆస్పత్రికి తిప్పాలి. అమ్మ ఒక్కతే నెట్టుకురాలేకపోయింది. ప్రసవానికి 26 వారాల సెలవు 2017 చట్ట సవరణతో వచ్చింది గానీ, కన్నవాళ్లను చూసుకోవడానికి ప్రైవేటు ఉద్యోగికి అలాంటి జాతీయ చట్టమేదీ లేదు. రాజీనామా చేసి ఊరికొచ్చేశాను.

నాన్న బ్రాంచి పోస్టుమాస్టరుగా చేశాడు. బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు పోయినవాళ్లు ఇంటికి రాసే ఉత్తరాలు, చదువురాని తల్లిదండ్రులకు ఆయనే చదివి వినిపించేవాడు. అప్పుల మాటా చదివేవాడు, అలిగి రాసిన మాటా చదివేవాడు. ఏదీ మింగేవాడు కాదు. అలాంటి మనిషికి ఇప్పుడు పేపరు నేను చదవాల్సి వచ్చింది.

మా ఊరి వాట్సాప్ గ్రూపులో అప్పట్లో నోటీసులన్నీ కాగితానికి తీసిన ఫోటోలే. ఒకరోజు అలాంటిదొకటి వస్తే ఏముందని అడిగాడు.

"ఏం లేదు నాన్నా, రేపు కరెంటు తీస్తారంట."

"ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా? ఏ ఫీడరు? సంతకం ఎవరిది?"

మళ్లీ ఫోన్ తీసి చూడాల్సి వచ్చింది.

"సారాంశం చెప్పేదానికి నువ్వెందుకమ్మాయ్? మొత్తం చదువు. అందులో నాకు ఏది కావాల్నో నేను చూసుకుంటా" అన్నాడు.

నా వృత్తి సారమంతా ఆ మాటలోనే ఉంది. చదివిపెట్టే మనిషి ఎంత మంచివాడైనా, తనకు ముఖ్యమనిపించినదే చెబుతాడు. తొందరగా ఉంటే అదీ సగమే. ఎదుటి మనిషి బాధపడతాడనుకుంటే కొంత దాస్తాడు. ఏది ముఖ్యమో తేల్చుకునే హక్కు వినేవాడి చేతిలోంచి జారిపోతుంది. సమాచారం అందుబాటులో ఉండడమంటే, మధ్యలో ఎవరూ వడకట్టకుండా చేరడం.

అందుకని ఆయన ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ పెట్టి, తెలుగు గొంతు ఎక్కించాను. తెర మీద ఒక వేలు జరిపితే కింద ఏముందో చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. డెబ్బై దాటిన వేలికి ఆ రెండు తట్లు ఒకే వేగంతో పడడానికి చాలా సాధన కావలసి వచ్చింది. అది అలవాటయ్యాక అసలు చిక్కు బయటపడింది. ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాల్లో ఉన్న వార్తల పేజీని ఫోన్ గడగడా చదివేస్తుంది. ఈ-పేపరు పేజీ దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకుంటుంది, ఎందుకంటే అది అక్షరాల బొమ్మ. గ్రూపులో నోటీసు వస్తే 'ఫోటో' అని ఊరుకుంటుంది. పొలం అడంగల్ కాపీ కోసం ఒక వెబ్‌సైటు తెరిస్తే, వంకర అక్షరాలు చూసి టైపు చెయ్యమంది. చూడగలిగితే ఈ గోల ఎందుకు?

యూనికోడ్ 1991 నాటి మొదటి రూపంలోనే తెలుగు ఉంది. అయినా చాలాకాలం ఎవరి ఫాంటు వాళ్లదే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగంతా పిచ్చిగీతలే. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ ఆ పాత ఫాంట్లతోనే కొట్టి, ప్రింటు తీసి, దాన్ని మళ్లీ స్కాన్ చేసి పీడీఎఫ్ అంటారు. మొదట టైపు చేసిన అక్షరాలు చివరికి బొమ్మయి కూర్చుంటాయి.

ఊళ్లో పొద్దుపోక ఒక హాబీ పట్టుకున్నాను. తెలుగు వికీసోర్స్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో పాత పుస్తకాల పేజీలు దిద్దడం. ఎడమన అక్షరాలు, కుడిన స్కాన్ బొమ్మ. కంప్యూటర్ బొమ్మలోంచి అక్షరాలు లాగి ఇస్తుంది, తప్పులు మనం దిద్దాలి. 'ఋషి'ని 'బుషి' అంటుంది, ప, వ కలిపేస్తుంది, థ, ధ తేడా దానికి తెలియదు, అరసున్నలు మింగేస్తుంది. దిద్దితే పేజీ గుర్తు ఎరుపు నుంచి పసుపుకు మారుతుంది. ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ నాలుగైదు పేజీలు పసుపు చేసి లేచేదాన్ని.

ఆ అలవాటు మా కొండ మీదికి దారితీసింది. శ్రీశైలానికి తూర్పు ద్వారం మా త్రిపురాంతకం. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలాత్రిపురసుందరి. గుడి చుట్టూ శాసనాలు. వాటి పాఠాలు 'దక్షిణ భారత శాసనాలు' 10వ సంపుటంలో 1948లోనే తెలుగు లిపిలో అచ్చయ్యాయి. జయంతి రామయ్య పంతులు పరిష్కరించిన సంపుటం అది. రాతి మీద తడి కాగితం పరచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది తీసిన నకళ్ల నుంచి ఈ పాఠాలు తయారవుతాయి. ఇప్పుడు ఆ సంపుటం ఇంటర్నెట్‌లో స్కాన్ రూపంలో దొరుకుతుంది. అంటే నాన్న ఫోన్‌కు మళ్లీ బొమ్మే. మా ఊరివి కొన్ని నేను యూనికోడ్‌లో టైపు చేసి ఆయనకు పంపాను.

కాకతీయ రాణి రుద్రమదేవి మీద తిరగబడ్డ కాయస్థ వంశపు అంబదేవుడు 1290లో శాసనం వేయించింది ఇక్కడే. ఎవరెవరిని ఓడించాడో చెప్పుకున్నాడు. నాన్న అరుగు మీద కూర్చుని, ఫోన్ ఆ సంస్కృత సమాసాలను తడబడుతూ చదువుతుంటే విని, "వీడి గొప్పలు వీడే చెప్పుకున్నాడు. ఎదుటివాళ్ల శాసనం కూడా పంపు" అన్నాడు. చిన్నప్పటి నుంచి ఎక్కిన కొండే, అయినా ఆ రాళ్ల మీద ఏముందో వినడం ఆయనకు అదే మొదలు.

చూపు లేనివాళ్లకు సమాచారం అందేలా చెయ్యడం దయతో చేసే సాయం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ అది హక్కు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. మా ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు అందిస్తున్నారు. సేవలు ఫోన్‌లోకి వచ్చేకొద్దీ, ఫోన్ చదవలేని కాగితం ఆ మనిషికి మూసిన ఆఫీసుతో సమానం.

నాన్న పరిస్థితి కుదుటపడ్డాక మళ్లీ ఉద్యోగానికి దరఖాస్తులు పెట్టాను. ప్రతి ఇంటర్వ్యూలోనూ ఒకటే ప్రశ్న: "ఈ గ్యాప్ ఏంటి?" విరామం తర్వాత తిరిగొచ్చే మహిళల కోసం టాటా సంస్థ 2008లోనే ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. అయినా రెజ్యూమెలో ఖాళీ కనపడితే అనుమానంగా చూసేవాళ్లే ఎక్కువ. అందుకని ఆ కాలాన్ని దాచకుండా రాశాను: పెద్దవయసు మనిషికి టాక్‌బ్యాక్ నేర్పడం, వికీసోర్స్‌లో దిద్దుబాటు, ఊరి గ్రూపు నోటీసులను అక్షరాల్లోకి మార్పించడం. ఒక కంపెనీ దాని గురించే ఎక్కువసేపు అడిగి, ఇంటి నుంచి పనిచేసే వీలుతో తీసుకుంది. ప్రమాణాల పట్టిక పేజీని పరీక్షించడం నేర్పుతుంది. ఆ పేజీ దాకా రాలేని మనిషిని మాత్రం ఊళ్లోనే చూశాను.

మా ఊరి వాట్సాప్ గ్రూపు నడిపే కుర్రాడు ఇప్పుడు ఫోటో కింద విషయం మొత్తం గొంతుతో టైపు చేసి పెడుతున్నాడు. మీ ఊరి గ్రూపులోనూ, ఆఫీసులోనూ ఆ పని మీరు చెయ్యవచ్చు. నోటీసు ఫోటో పెడితే కింద తేదీ, సమయం, ఎవరి సంతకమో సహా అక్షరాల్లో రాయండి. పీడీఎఫ్ చెయ్యాలంటే ప్రింటు తీసి స్కాన్ చెయ్యకుండా, యూనికోడ్‌లో టైపు చేసి అక్కడి నుంచే పీడీఎఫ్‌గా దాచండి. దీనికి పైసా ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.