ఎవరి లెక్క వారే చెప్పాలి

పిల్లలూ! మీలో ఎంతమంది చిర్రగోనె ఆడారు? కోస్తా జిల్లాల పిల్లలు దీనినే బిళ్ళంగోడు అంటారు. ఒకప్పుడు మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్ళలో ఈ ఆట లేని సందు ఉండేది కాదు. అయితే ఇప్పుడు నేను చెప్పబోయేది వేరొక ఆట సంగతి. చివరకు మళ్ళీ చిర్రగోనె దగ్గరికే వస్తాను, చూడండి.

కిందటి సంవత్సరం మా అమ్మాయిని చూడడానికి అమెరికా వెళ్ళాను. వాళ్ళ ఇంటి దగ్గర ఒక చిన్న పార్కు ఉన్నది. ఒక సాయంత్రం నా మనవడు ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి నా చేతికిచ్చి, "తాతా, అదుగో, ఆ బుట్టలో పడేటట్టు విసురు!" అన్నాడు. అన్నం తినే పళ్ళెం కంటె అది చిన్నది. విసిరాను. బుట్ట ఒక దిక్కున ఉంటే బిళ్ళ ఇంకొక దిక్కుకు పోయింది!

ఈ ఆటను డిస్క్ గోల్ఫ్ అంటారు. గోల్ఫ్‌లో బంతిని కర్రతో కొట్టి గుంతలో వేస్తారు గదా? ఇందులో బంతికి బదులు బిళ్ళ, గుంతకు బదులు బుట్ట. బుట్టపైన ఇనుప గొలుసులు వేలాడుతుంటాయి. బిళ్ళ వాటికి కొట్టుకుని, వేగం తగ్గి, బుట్టలో పడుతుంది. పడకపోతే, అది ఎక్కడ ఆగిందో అక్కడికి నడిచివెళ్ళి, అక్కడినుంచే మళ్ళీ విసరాలి. తక్కువ విసుర్లతో పూర్తి చేసినవాడు గెలిచినట్టు. పెద్ద మైదానాలలో 18 బుట్టలు ఉంటాయి. మా పార్కులో 9 మాత్రమే.

ఈ ఆట పుట్టుక చిత్రంగా ఉంటుంది. అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్ళో ఫ్రిస్బీ అనే పేరుగల రొట్టెల కంపెనీ ఉండేది. వాళ్ళ సరుకు రేకు పళ్ళాలలో వచ్చేది. తినడం అయిపోగానే విద్యార్థులు ఖాళీ పళ్ళాలను ఒకరికొకరు విసురుకుని ఆడుకునేవారు. తరవాత ఫ్రెడ్ మారిసన్ అనే ఆయన ప్లాస్టిక్ బిళ్ళను తయారుచేశాడు. 1957లో వామ్-ఓ కంపెనీ దానిని అమ్మసాగింది. ఆ రొట్టెల కంపెనీ పేరే దానికి స్థిరపడింది. వామ్-ఓలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఈ ఆటకు మొట్టమొదటి శాశ్వతమైన మైదానం ఏర్పాటు చేశాడు. అప్పట్లో గొలుసుల బుట్ట లేదు. స్తంభానికి తగిలితే చాలు. అయితే తగిలిందా, తగలలేదా అని పేచీ రావచ్చు గదా? బుట్టలో పడితే పేచీ లేదు. గొలుసుల బుట్టకు 1977లో ఆయనకు పేటెంటు వచ్చింది.

బిళ్ళ గాలిలో ఎలా నిలుస్తుందో తెలుసా? ఇంట్లో ఉన్న పలచని ప్లాస్టిక్ మూత ఒకటి తీసుకోండి. తిప్పకుండా విసరండి. అది పల్టీలు కొట్టి దగ్గరలోనే పడిపోతుంది. ఇప్పుడు మణికట్టుతో గిర్రున తిప్పి విసరండి. చాలా దూరం పోతుంది! తిరిగే బొంగరం పడిపోకుండా నిలబడినట్టే, తిరిగే బిళ్ళ ఒరగకుండా నిలుస్తుంది. ముందుకు పోతున్నప్పుడు గాలి దానిని విమానం రెక్కను ఎత్తినట్టు ఎత్తుతుంది. వేగం తగ్గేసరికి మాత్రం ఒక పక్కకు ఒరుగుతుంది. నా మొదటి బిళ్ళ దారి తప్పింది అందుకే!

తిరిగి వచ్చేటప్పుడు మూడు బిళ్ళలు వెంట తెచ్చుకున్నాను. జగిత్యాల అంటే మామిడితోటలకు పేరు. మా చుట్టాలకు ఊరిబయట ఒక తోట ఉన్నది. దసరా సెలవులకు పిల్లలు చేరారు. ఆ రోజుల్లో చెట్లకు కాయలుండవు కనుక బిళ్ళలు విసిరినా నష్టం లేదు. గడ్డి కోయించి ఐదు గురులు పెట్టాం. నాలుగింటికి చెట్ల మొదళ్ళే గురులు. సిరిసిల్లలో మా చెల్లెలి ఇంట మరమగ్గాలు ఉన్నాయి. అక్కడినుంచి వచ్చిన రంగునూలు ముక్కలు ఆ చెట్లకు చుట్టాం. ఐదవదానికి మాత్రం నిజమైన బుట్ట. గుంజకు పైన పాత సైకిలు చక్రం బిగించి, దానినుంచి పాత సైకిలు చైన్లు వేలాడదీసి, కింద వెదురుగంప కట్టాం. బిళ్ళ తగిలితే ఝల్లుమని మోగేది!

ఈ ఆటలో ప్రతి గురి దగ్గరా ఎవరి లెక్క వారే నోటితో చెప్పాలి. రెండవనాడు, ఎర్రనూలు చెట్టు దగ్గర, నేను చెయ్యి ముందుకు విసిరేసరికి బిళ్ళ జారి ఐదడుగుల దూరంలో పడింది. దానిని తీసుకువచ్చి మళ్ళీ విసిరాను. చివరకు చెట్టుకు తగిలించి, "నాలుగు" అన్నాను.

లెక్కలు రాస్తున్నది మా చెల్లెలి మనవరాలు. దానికి పదేళ్ళు. పెన్సిలు కదపలేదు. "తాతా, అయిదు గద. జారింది గూడ ఒకటే గద" అన్నది.

"అది విసరడం కాదు బిడ్డా, చెయ్యి జారింది" అన్నాను.

"నిన్న నాది జారితె నువ్వు లెక్కవెట్టినవ్ గద!"

నిజం చెబుతున్నాను, పిల్లలూ, నాకు కోపం వచ్చింది. ముప్పై అయిదేళ్ళు పిల్లలకు లెక్కలు దిద్దినవాణ్ణి! కాని అందరూ నా ముఖమే చూస్తున్నారు. "ఐదు రాయి" అన్నాను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పాత సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది.

నలభై ఏళ్ళ కిందట నేను కోరుట్లలో కొత్తగా చేరిన ఉపాధ్యాయుణ్ణి. ఒక మధ్యాహ్నం ఇద్దరు పిల్లలు చిర్రగోనె దగ్గర కొట్లాడుకుంటున్నారు. చిర్ర ఎంత దూరం పోయిందో గోనెతో కొలిచి లెక్క చెప్పాలి గదా? ఒకడు ఇరవై మూడు అంటాడు. రెండవవాడు ఇరవయ్యే అంటాడు. రెండవవాడు తరగతిలో మొదటివాడు. చిర్ర పడ్డచోటే ఉన్నది. గోనె నా కాళ్ళ దగ్గరే ఉన్నది. కొలిస్తే రెండు నిమిషాలు. నేను కొలవలేదు. "అబద్ధాలాడకు" అని మొదటి పిల్లవాణ్ణే మందలించాను. వారం రోజుల తరవాత రెండవవాడు నా దగ్గరికి వచ్చి, "ఆ రోజు తరవాత కొలిచి చూసిన సార్, ఇరవై మూడే" అని ఒప్పుకున్నాడు. అయినా నేను మొదటివాణ్ణి పిలిచి, తప్పు నాదని చెప్పలేదు. చెబితే నా మాటకు విలువ పోతుందనుకున్నాను.

ఆ పిల్లవాడు పెద్దవాడై కోరుట్లలోనే సైకిలు దుకాణం పెట్టుకున్నాడు. మా బుట్టకు చైన్లు ఇచ్చింది అతనే. డబ్బు తీసుకోలేదు. అప్పుడు కూడా నాకు నోరు రాలేదు.

తెల్లవారగానే బస్సెక్కి కోరుట్ల వెళ్ళాను. "ఆ రోజు నీ లెక్కే సరి అయినది. నేను కొలవకుండా నిన్ను అబద్ధాలకోరు అన్నాను" అన్నాను.

అతను చేతిలోని పానా కింద పెట్టాడు. కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత, "ఇరవై మూడు సార్" అన్నాడు.

నలభై ఏళ్ళు గడిచినా ఆ అంకె అతనికి గుర్తున్నది!

పిల్లలూ, పరీక్షలో మార్కులు మేం వేస్తాం. ఆటలో మీ లెక్క మీరే చెప్పాలి. ఒకటి తగ్గించి చెబితే ఎవరికీ తెలియకపోవచ్చు. మీకు మాత్రం తెలుస్తుంది. పెద్దలకు కూడా ఒక మాట: పిల్లల పేచీ తీర్చేముందు గోనె తీసుకుని కొలవండి. రెండు నిమిషాలే పడుతుంది.

ఆ ఆదివారం అతను మా తోటకు వచ్చాడు. చైన్ల బుట్ట దగ్గర, "నాలుగు" అన్నాడు. నిజంగానే నాలుగు. మా మనవరాలు పెన్సిలు పట్టుకుని నావైపు తిరిగింది.

"ఏడు" అన్నాను. ఏడే.